షేఖ్ హమ్దుల్లా సమాధి దాకా

మొదటి రోజు, ఇస్తాంబుల్

బయల్దేరే ముందు రోజు హైదరాబాద్ ఛత్తా బజార్ వెళ్ళి కాతిబ్ సాబ్‌ని కలిశాను. ఉర్దూ రాతగాడు, ఎనభై దాటిన మనిషి. చెయ్యి వణుకుతుండటంతో ఆరేళ్ళుగా కలం పట్టడం లేదు. కొడుకు కంప్యూటర్ మీద ఉర్దూ శుభలేఖలు కూరుస్తుంటే పక్కనే కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంటారు. ఇస్తాంబుల్ వెళ్తున్నానని చెప్పగానే ఆయన అడిగింది ఒక్కటే. "షేఖ్ హమ్దుల్లా కబర్ దగ్గరికి వెళ్ళు బేటా. అక్కణ్ణుంచి నాకు ఫోన్ చెయ్యి. ఫాతిహా చదువుకుంటాను."

ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు పదకొండేళ్ళు. ఛత్తా బజార్‌లో మా నాన్నకి చిన్న ప్రెస్ ఉండేది. తెలుగు శుభలేఖలు సీసపు అక్షరాలతో మా దగ్గరే కూర్చేవాళ్ళు. ఉర్దూ కార్డు వస్తే మాత్రం కాగితం పట్టుకుని నాలుగు కొట్లు అవతల ఉన్న కాతిబ్ సాబ్ దగ్గరికి పరిగెత్తడం నా పని. ఆయన రెల్లు కలం చెక్కి, మొన చీల్చి, సిరాలో ముంచి రాస్తుంటే కాగితం మీద సన్నగా కిర్రుమనేది. ఆ చప్పుడు వినడానికే అక్కడ కూర్చునేవాణ్ణి. రెండు వేసవి సెలవుల్లో ఆయన నాకు అలిఫ్ బే నేర్పించారు. "మేం రాసేది నస్తాలీఖ్. ఇరాన్ నుంచి వచ్చింది. ఖురాన్ రాసే నస్ఖ్ చూడాలంటే తుర్కీ వాళ్ళది చూడాలి. వాళ్ళందరికీ పెద్ద షేఖ్ హమ్దుల్లా" అనేవారు. నాకు ఈ ప్రయాణం దాదాపు నలభై ఏళ్ళ నాటి బాకీ.

విమానం దిగి, హోటల్లో సామాను పడేసి, సాయంత్రం నాలుగింటికి సుల్తానహ్మెత్ ట్రామ్ స్టాప్ చేరుకున్నాను. అందరూ ఆయాసోఫియా వైపు, నీలి మసీదు వైపు నడుస్తున్నారు. నేను ట్రామ్ పట్టాల పక్కనున్న ఒక చిన్న మసీదు ముందు ఆగాను. ఒకటే గుమ్మటం, ఒకటే మినారు. ఉస్మానీ (ఒట్టోమన్) సుల్తాన్ రెండో బాయజీద్ దగ్గర ఖజానా చూసిన ఫిరూజ్ ఆగా 1491లో కట్టించాడు. తలుపు మీద రాతి పలకలో ఉన్న అక్షరాలు షేఖ్ హమ్దుల్లావి. ఐదు వందల ఏళ్ళు దాటిన రాత. అద్దాల పెట్టె లేదు, టికెట్ లేదు. తల ఎత్తితే కనిపిస్తుంది.

నాకు అరబ్బీ అర్థం కాదు, అక్షరాలు మాత్రం గుర్తుపడతాను. నిటారుగా ఒక లామ్, అవతల పడవలా వంగిన నూన్. అలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన వచ్చీరాని ఇంగ్లీషులో "చదవగలవా?" అని అడిగాడు. అక్షరాలు వచ్చు, మాటలు తెలియవు అన్నాను. ఆయన తన కళ్ళ వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆయనకి అక్షరాలే రావు. 1928 నవంబర్ 1న టర్కీ లాటిన్ లిపికి మారుతూ చట్టం చేసింది. ఆ తర్వాత బడికి వెళ్ళినవాళ్ళు ప్రత్యేకంగా నేర్చుకుంటే తప్ప సొంత ముత్తాత సమాధి మీది రాయి కూడా చదవలేరు. రోజూ తాను నమాజుకు వచ్చే గుమ్మం మీద ఏం రాసి ఉందో ఆయనకు తెలియదు. రాత్రి నిద్ర పట్టేదాకా అదే ఆలోచన.

రెండో రోజు, బాయజీద్ చౌకు

పొద్దున్నే బాయజీద్ మసీదు. ఇస్తాంబుల్‌లో సుల్తానులు కట్టించి, మూలరూపం చాలావరకు నిలిచిన మసీదుల్లో ఇదే పాతది. 1501లో మొదలుపెట్టి 1506లో పూర్తి చేశారు. ముందు వాకిట్లో ఇరవై స్తంభాలు, ఎర్రవి, పచ్చవి, బూడిద రంగువి. పెద్ద గుమ్మం మీద మళ్ళీ షేఖ్ చెయ్యి. దీన్ని చెక్కేనాటికి ఆయనకి డెబ్బై దగ్గర పడి ఉండాలి. ఆయన పుట్టింది 1436లో అంటారు.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. రాతి మీది ఈ పెద్ద అక్షరాల్లో ఆయన గొప్పతనం పూర్తిగా కనబడదు. పెద్ద అక్షరం వేరే విద్య. కలం పట్టి ఒక్క ఊపులో రాసేంత అక్షరాన్ని గుమ్మం ఎత్తుకి పెంచితే కొలతలు తప్పుతాయి, కింద నుంచి చూసే కంటికి ఇంకోలా కనిపిస్తాయి. ఆ చిక్కు విప్పినవాడు మూడు వందల ఏళ్ళ తర్వాత వచ్చిన ముస్తఫా రాకిమ్. షేఖ్ అసలు రాజ్యం అరచేయంత కాగితం మీద. అది చూడాలంటే ఆరో రోజు దాకా ఆగాలి.

మసీదును ఆనుకునే సహాఫ్లర్, పాత పుస్తకాల బజారు. మన కోఠీలో పుస్తకాల సందుల్లాగే ఉంది, పైన ద్రాక్ష తీగలు అదనం. మధ్యలో ఇబ్రహీం ముతెఫెర్రికా విగ్రహం. ఉస్మానీ రాజ్యంలో తుర్కీ పుస్తకాల అచ్చు మొదలుపెట్టినవాడు, మొదటి పుస్తకం 1729లో వేశాడు. ప్రెస్సులో పెరిగినవాణ్ణి కదా, ఆ విగ్రహానికి ఎదురుగా చాలాసేపు నిలబడ్డాను. కాతిబ్‌ల పొట్ట కొట్టింది మేమే అన్న దిగులు చిన్నప్పటి నుంచీ నాలో ఒక మూల ఉంది. మా నాన్న మాత్రం కాతిబ్ సాబ్‌ని చూస్తే లేచి నిలబడేవాడు.

కొట్లో రెల్లు కలాలు ఆరు కొన్నాను, కాతిబ్ సాబ్ కోసం. ముదురు గోధుమ రంగు, గట్టిగా ఎండినవి. కలాన్ని ఇక్కడ 'కలెమ్' అంటారు, కాగితాన్ని 'కాయిట్' అన్నట్టు పలుకుతారు. కలం, కాగితం మన తెలుగులోకి కూడా అటువైపు నుంచి వచ్చినవే. కొట్టువాడు ఒక్కో కలాన్ని చెక్క మీద దొర్లించి, వంకర లేనివి ఏరి ఇచ్చాడు.

మధ్యాహ్నం సులైమానియే మసీదుకి నడిచాను. పది నిమిషాల దూరం. షేఖ్ పోయాక కట్టినదే గాని, అక్కడికి వెళ్ళింది సిరా కోసం. వేలాది నూనె దీపాల మసి గాలివాటానికి గుమ్మం పైనున్న ఒక గదిలోకి చేరేదట, ఆ మసితోనే సిరా చేసేవారట. మన ఇళ్ళలో ఆముదపు దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టినట్టే. ఆ మసిలో తుమ్మబంక కలిపి రోజుల తరబడి నూరితే సిరా. కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన, పటిక కలిపి పూత పూస్తారు. నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టి, ఏడాదో ఇంకా ఎక్కువో ఆరనిస్తారు. అప్పుడు సిరా కాగితంలోకి ఇంకకుండా పైనే నిలుస్తుంది. తప్పు పడితే తడి వేలితో తుడవచ్చు, నాలుకతో కూడా. అందుకే చదువుకున్నవాణ్ణి తుర్కీలో 'సిరా నాకినవాడు' అంటారు. ఈ మాట నాకు తెగ నచ్చింది.

రాత్రి అమాస్యాకి బస్సు. టికెట్ కౌంటర్లో నాకు చెప్పిన ప్లాట్‌ఫారం నంబరు తప్పు. అది తెలిసేసరికి నా బస్సు వెళ్ళిపోయింది. భాష రాదు, టెన్షన్ మామూలుగా లేదు. ఒక కాలేజీ అమ్మాయి నా తరఫున మాట్లాడి అర్ధరాత్రి బస్సులో సీటు ఇప్పించింది.

మూడో రోజు, అమాస్యా

మధ్యాహ్నం అయింది దిగేసరికి. ఊరు చూడగానే నడుం నొప్పి మర్చిపోయాను. రెండు కొండల మధ్య ఇరుకు లోయ, మధ్యలో యెషిల్ ఇర్మాక్, అంటే పచ్చ ఏరు. ఏటి ఒడ్డున నీళ్ళ మీదికి వంగినట్టున్న చెక్క ఇళ్ళ వరస. వాటి వెనక నిలువు కొండలో తొలిచిన పోంటస్ రాజుల సమాధులు, రెండు వేల ఏళ్ళ నాటివి. అక్టోబర్ నెల కావడంతో ఎక్కడ చూసినా ఆపిల్ గంపలే. అమాస్యా ఆపిల్ చిన్నది, ఒక చెంప ఎరుపు, ఒక చెంప పసుపు. కోయకముందే వాసన కొడుతుంది.

హమ్దుల్లా పుట్టింది ఇక్కడే. తండ్రి ముస్తఫా దెదె, సుహ్రవర్దీ సూఫీ శాఖకి షేఖ్. ఆ కుటుంబం బుఖారా నుంచి వచ్చి స్థిరపడింది. హమ్దుల్లా చివరిదాకా తన రాత కింద 'హమ్దుల్లా, షేఖ్ కొడుకుగా ప్రసిద్ధుడు' అనే అర్థం వచ్చేలా సంతకం చేసేవాడు. లోకమంతా ఆయన్నే షేఖ్ అని పిలుస్తున్నా తాను మాత్రం నాన్న పేరు చెప్పుకునే అబ్బాయిగానే ఉన్నాడు. ఏటి ఒడ్డున కూర్చుని ఆపిల్ తింటుంటే, ఆయన గురించి తెలిసినవాటన్నిటిలో నాకు దగ్గరగా అనిపించింది ఇదే. నన్ను ఇప్పటికీ ఛత్తా బజార్లో 'ప్రెస్సాయన కొడుకు' అనే అంటారు.

నాలుగో రోజు, అమాస్యా

ఉస్మానీ యువరాజులను పాలన నేర్చుకోవడానికి రాష్ట్రాలకు పంపేవాళ్ళు. అమాస్యా అలాంటి ఊరు. కాన్‌స్టాంటినోపుల్ గెలిచిన రెండో మెహ్మెత్ తన కొడుకు బాయజీద్‌ని పసివాడిగా ఉన్నప్పుడే ఇక్కడికి గవర్నరుగా పంపాడు. ఆ కుర్రవాడికి రాత నేర్పింది హమ్దుల్లా. ఇద్దరికీ పదేళ్ళ పైచిలుకు తేడా. గురుశిష్యుల బంధం అలా మొదలై ముప్ఫై ఏళ్ళు పైన సాగింది.

హమ్దుల్లా గురువు హైరుద్దీన్ మరాషీ. ఆయన నేర్పింది యాఖూత్ పద్ధతి. యాఖూత్ అల్ ముస్తాసిమీ బాగ్దాద్‌లో చివరి అబ్బాసీ ఖలీఫా దగ్గర ఉన్నవాడు, 1298లో పోయాడు. కలం మొనని ఏటవాలుగా కోసి అరబ్బీ రాతలోని ఆరు లిపులకి కొత్త అందం తెచ్చాడు. 1258లో మంగోలులు బాగ్దాద్ తగలబెడుతుంటే ఒక మినారు ఎక్కి కూర్చుని రాసుకున్నాడని కథ. ఆయన తర్వాత రెండు వందల ఏళ్ళు, కలం పట్టిన ప్రతివాడూ యాఖూత్‌లా రాయాలనే చూశాడు.

ఈ ఊళ్ళో బాయజీద్ పేరు మీద పెద్ద మసీదు ఉంది, 1486లో పూర్తయింది. ముందు రెండు చినార్ చెట్లు. మసీదుతో పాటే నాటినవని ఊరివాళ్ళు చెప్తారు. వాటి మొదలు చుట్టూ నలుగురు చేతులు పట్టుకుని నిలబడినా అందదు. ఆ నీడలో కూర్చుని లెక్క వేసుకున్నాను. 1481లో మెహ్మెత్ పోయాడు, బాయజీద్ గద్దె ఎక్కాడు, గురువుని ఇస్తాంబుల్ రమ్మన్నాడు. అంటే ఈ మసీదు తయారయ్యేసరికి హమ్దుల్లా ఇక్కడ లేడు. నలభై అయిదేళ్ళ వయసులో, భార్యాబిడ్డలతో ఈ ఏరు వదిలి వెళ్ళాడు.

ఒక పక్కమాట. ఇక్కడే 1308–09లో కట్టిన పాత ఆసుపత్రి ఉంది, ఇప్పుడు వైద్యచరిత్ర మ్యూజియం. సబున్‌జుఓగ్లు షెరఫుద్దీన్ అనే శస్త్రవైద్యుడు పనిచేసింది ఇక్కడ. ఆయన 1465లో బొమ్మలతో సహా శస్త్రచికిత్స పుస్తకం రాశాడు. అప్పుడు హమ్దుల్లా వయసు ముప్ఫైకి అటూ ఇటూ. ఇంత చిన్న లోయలో ఒకే కాలంలో కత్తి పట్టిన అంత పెద్ద చెయ్యి, కలం పట్టిన ఇంత పెద్ద చెయ్యి. వీధిలో ఎదురుపడి పలకరించుకునే ఉంటారని నాకనిపించింది.

సాయంత్రం తిరుగు బస్సు. ఈసారి గంట ముందే వెళ్ళి కూర్చున్నాను.

ఐదో రోజు, ఇస్తాంబుల్

పగలంతా నిద్ర. సాయంత్రం మాత్రం ఓక్మైదానీ, అంటే బాణాల మైదానం. గోల్డెన్ హార్న్ పైన ఉన్న ఈ మిట్ట ఒకప్పుడు విలుకాండ్రది. బాయజీద్ ఇక్కడి విలుకాండ్ర మఠానికి షేఖ్‌గా హమ్దుల్లాని కూర్చోబెట్టాడు. ఆయన మామూలు విలుకాడు కాడట. ఈతగాడు కూడా. బట్టలు కుట్టడంలో కూడా మంచి పనివాడని చెప్తారు. ఇవన్నీ చెయ్యి ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో తెలిసినవాడి పనులే. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు, రోడ్లు. మళ్ళీ కట్టిన మఠంలో పిల్లలు విల్లు నేర్చుకుంటున్నారు. ఒక పాప తీగ లాగి, ఊపిరి బిగబట్టి, ఎంతకీ వదలదు. పక్కన నేర్పేవాడు తొందరపెట్టలేదు.

ఆరో రోజు, ఎమిర్గాన్, ఒక రాత గది

బాస్ఫరస్ ఒడ్డునే బస్సు. దారిలో దోల్మాబాచె రాజభవనం. హైదరాబాద్ వాణ్ణి కదా, అది కనిపించగానే మెడ తిప్పాను. ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మెజీద్‌ని 1924 మార్చిలో అక్కణ్ణుంచే దేశం దాటించారు. ఆయన కూతురు దుర్రు షెహ్వార్ 1931లో నిజాం పెద్ద కొడుకుని, అదే వంశపు నీలోఫర్ రెండో కొడుకుని పెళ్ళి చేసుకుని మన ఊరికి వచ్చారు. నీలోఫర్ ఆసుపత్రిలో పుట్టినవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమందో.

సకిప్ సబంజీ మ్యూజియంలో రాతల గది చీకటిగా ఉంటుంది, కాగితం పాడవకుండా. అక్కడ షేఖ్ రాసిన పలక ముందు నిలబడ్డాను. ఇలాంటి పలకని 'కితా' అంటారు. పైన ఒక వరస సులుస్, పెద్దది. కింద కొన్ని వరసలు నస్ఖ్, చిన్నది. ఆ నస్ఖ్ రాసిన కలం మొన ఒక మిల్లీమీటరు వెడల్పు ఉంటుందేమో. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగాను.

ముందు కంటికి ఆనింది అక్షరాలు కావు, వాటి మధ్య తెలుపు. ఒక మాటకీ ఇంకో మాటకీ ఎంత చోటు వదలాలో అంతే వదిలాడు, వరస మొత్తం ఒకే ఊపిరిలా ఉంది. తర్వాత వావ్ తల చూశాను. చుట్టు తిరిగిన చోట ఆవగింజలో సగం ఉండే ఖాళీ, సిరా పూడుకుపోలేదు. ప్రతి వావ్‌కీ అదే ఖాళీ. ఇక తోకలు. ఎడమకి వంగి దిగే ప్రతి తోకా ఒకే వాలులో దిగి, చివర కలం ఎత్తేచోట వెంట్రుకంత సన్నబడింది. సీసపు అచ్చులో పోసినట్టు ఒకేలా ఉన్నాయని చెప్పబోయి ఆగాను. అచ్చులో అన్నీ ఒకటే. ఇక్కడ ఏ రెండూ ఒకటి కావు, కానీ అన్నీ ఒక కడుపున పుట్టినవే.

ఈ చెయ్యి ఎలా వచ్చిందన్నదే ఈ ప్రయాణం మొత్తంలో నేను తెలుసుకోవాలనుకున్నది. కథ ఇలా చెప్తారు. ఇస్తాంబుల్ వచ్చిన కొన్నేళ్ళకి బాయజీద్ ఖజానాలోంచి యాఖూత్ రాతలు తీయించి గురువు ముందు పెట్టాడు. వీటిని మించి, మనదంటూ ఒక పద్ధతి రాదా అని అడిగాడు. అప్పటికి హమ్దుల్లాకి యాభై దగ్గర పడుతున్నాయి. రాజ్యంలో ఆయనే పెద్ద. యాఖూత్‌లా రాయడంలో ఆయనకి ఎదురు లేదు. అలాంటి మనిషి ఆ కాగితాలు తీసుకుని తలుపు వేసుకున్నాడు. నలభై రోజులు. మన మండల దీక్ష లాంటిదే, వాళ్ళు చిల్లా అంటారు. యాఖూత్ రాసిన వాటిలో ఒక్కో అక్షరానికి ఎక్కడ ఏది అందంగా కుదిరిందో ఏరుకుని, తన చేతికి తెలిసింది విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. బయటికి వచ్చేసరికి ఆరు లిపులూ కొత్తవి. ఖిజ్ర్ ప్రవక్త వచ్చి నేర్పాడని కూడా అంటారు. నాకైతే ఆ నలభై రోజుల్లో చించి పారేసిన కాగితాలే కళ్ళ ముందు కదిలాయి. ఇరవై ఏళ్ళప్పుడు తప్పు రాయడం తేలిక. యాభై ఏళ్ళప్పుడు, అందరూ ఉస్తాద్ అంటుండగా, మళ్ళీ తప్పులు రాయడానికి కూర్చోవాలంటే ఎంత గుండె కావాలి?

ఆ తర్వాత తుర్కీలో యాఖూత్ పద్ధతి నెమ్మదిగా వెనక్కి వెళ్ళింది. ఆయన కుదిర్చిన నస్ఖే ఖురాన్ రాత అయింది. తానే 47 ఖురాన్ ప్రతులు రాశాడని చెప్తారు. కొడుకు ముస్తఫా దెదె, అల్లుడు షుక్రుల్లా ఆ చెయ్యిని అందుకున్నారు. చేతి నుంచి చేతికి మారుతూ అది రెండు వందల ఏళ్ళకి హాఫిజ్ ఉస్మాన్ దాకా వచ్చింది. ఆయన దాన్ని ఇంకాస్త వడపోశాడు. ఖురాన్ మక్కాలో దిగింది, కైరోలో చదివారు, ఇస్తాంబుల్‌లో రాశారు అని ఒక నానుడి ఉంది. ఆ మూడో మాట వెనక ఉన్నది ఈ వరస.

బాయజీద్ షేఖ్ పక్కన కూర్చుని సిరాబుడ్డి పట్టుకునేవాడట. ఆస్థాన పండితులు అది చూసి ఓర్చుకోలేకపోయారట. సుల్తాన్ కొన్ని పుస్తకాలు తెప్పించి దొంతి పెట్టమన్నాడు. వాళ్ళు ఖురాన్‌ని అన్నిటికన్నా పైన పెట్టారు. మరి దాన్ని ఇంత అందంగా రాసేవాణ్ణి నేను ఎక్కడ కూర్చోబెట్టాలి అని అడిగాడట. 1512లో బాయజీద్ గద్దె దిగాక, కొడుకు సెలీమ్ కాలమంతా షేఖ్ ఆస్థానానికి దూరంగా ఉండిపోయాడు. 1520లో పోయాడు.

మధ్యాహ్నం తర్వాత, తెలిసినవాళ్ళ ద్వారా, ఒక గురువు ఇంట్లో జరిగే పాఠం చూడటానికి అనుమతి దొరికింది. మూడో అంతస్తులో చిన్న గది. ఎనిమిది మంది శిష్యులు, సగానికి పైగా ఆడపిల్లలు. ఈ పాఠాన్ని 'మెష్క్' అంటారు. మొదటి పాఠం అందరికీ ఒక ప్రార్థన వాక్యమే: రబ్బీ యెస్సిర్. దేవుడా, తేలిక చెయ్యి, కష్టం చెయ్యకు, మంచిగా పూర్తి చేయించు. ఒకమ్మాయి ఆ ఒక్క వాక్యాన్నే ఆరు నెలలుగా రాస్తోంది. ఆమె కాగితం గురువుగారి ముందు పెట్టింది. ఆయన ఏమీ మాట్లాడలేదు. కలం ముంచి ఆమె రాసిన రే అక్షరం కింద తాను ఒక రే రాశారు. పక్కన కలం మొనతో చుక్కలు పెట్టారు, ఒకటి, రెండు, మూడు. ఆ చుక్కే కొలబద్ద. మొన ఎంత వెడల్పో చుక్క అంత. సులుస్‌లో అలిఫ్ ఎత్తు ఏడు చుక్కలు. ఆమె చుక్కలు లెక్కపెట్టుకుని తల ఊపి తన చోటుకి వెళ్ళిపోయింది. మళ్ళీ గదిలో ఆ చప్పుడు, రెల్లు కాగితాన్ని గీరే చప్పుడు. ఛత్తా బజార్ చప్పుడే. నా కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

ఇజాజత్ వచ్చేదాకా, అంటే గురువు అనుమతి పత్రం ఇచ్చేదాకా, శిష్యుడు తన రాత కింద పేరు పెట్టుకోకూడదు. ఏళ్ళు పడుతుంది. 1928 తర్వాత ఈ విద్యకి బతుకుతెరువు పోయింది. అప్పుడు నిలబెట్టినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. దియార్‌బకిర్ నుంచి వచ్చిన హామిద్ ఐతాచ్ వాళ్ళలో ఒకడు. అచ్చు బ్లాకులు చేసి, లేబుళ్ళు రాసి పొట్ట పోసుకుంటూ, అడిగినవాళ్ళకి పాఠం చెప్తూ 1982 దాకా బతికాడు. ఈ గదిలో ఉన్న వరస ఆయన మీదుగా షేఖ్ దాకా పోతుందని గురువుగారు చెప్పారు. 2021లో యునెస్కో ఈ కళని వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ దాన్ని బతికించింది ఇలాంటి మూడో అంతస్తు గదులు.

ఏడో రోజు, కరాజా అహ్మెత్

ఎమినోను రేవులో పొద్దున ఎనిమిదింటి పడవ ఎక్కాను, ఉస్కుదార్‌కి. కుడివైపు సరాయ్ బుర్ను, రాజభవనపు కొస. షేఖ్ తన రాతసామాను పళ్ళ మధ్య కరచుకుని అక్కణ్ణుంచి ఉస్కుదార్ దాకా ఈదేవాడని చెప్తారు. రెయిలింగ్ పట్టుకుని కిందకి చూశాను. నీళ్ళు నల్లగా, సుడులు తిరుగుతూ, పడవనే పక్కకి తోస్తున్నాయి. నమ్మాలో లేదో తెలియలేదు గానీ, అవతలి ఒడ్డు చేరేదాకా నీళ్ళ మీదనుంచి చూపు తిప్పలేదు.

కరాజా అహ్మెత్ శ్మశానం ఒక ఊరంత ఉంది. ఆకాశానికి గీతలు గీసినట్టు సరుగుడును పోలిన నల్లటి సైప్రస్ చెట్లు. కింద వేల రాళ్ళు, కొన్ని వంగి, కొన్ని ఒకదానికొకటి ఆనుకుని. కాపలా మనిషికి ఫోన్లో పేరు చూపించాను. ఆయన వెంట వచ్చి చూపించి, చెయ్యి గుండె మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సమాధి ఆర్భాటంగా ఏమీ లేదు. చుట్టూ మాత్రం రాతగాళ్ళు. ఆయన దగ్గర పడుకోవాలని వందల ఏళ్ళుగా కోరి వచ్చినవాళ్ళు. హామిద్ ఐతాచ్ కూడా ఇక్కడే, దగ్గర్లోనే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తమ కలాన్ని షేఖ్ సమాధి మట్టిలో వారం రోజులు పాతిపెట్టి, తీసి, దానితో మొదలుపెట్టేవారట. పాత రాతగాళ్ళు జీవితమంతా కలాలు చెక్కిన పొట్టు దాచి ఉంచేవారట, చనిపోయాక స్నానం చేయించే నీళ్ళు ఆ పొట్టుతో కాచమని. నా సంచిలో కాతిబ్ సాబ్ కోసం కొన్న ఆరు కలాలు ఉన్నాయి. నా దగ్గర వారం లేదు. ఒక కలం తీసి మట్టి మీద ఆనించి, ఫోన్ చేశాను.

హైదరాబాద్‌లో అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. కొడుకు వీడియో ఎత్తి తండ్రికి ఇచ్చాడు. నేను ఏం చెప్పకుండా రాయి వైపు తిప్పాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు, తల మీద టోపీ సర్దుకున్నారు. రెండు చేతులూ ఎత్తి ఫాతిహా చదివారు. ఫోన్లో ఆ చేతులు వణకడం కనిపిస్తోంది. చదవడం అయ్యాక అరచేతులు మొహానికి రాసుకుని, ముందుకు వంగారు.

"నజ్‌దీక్ లావ్ బేటా."

ఫోన్ దగ్గర పెట్టాను. పై వరస నుంచి నెమ్మదిగా కిందకి జరిపాను. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఒక చోట ఆపమన్నారు, ఇంకాస్త దగ్గరికి అన్నారు. ఒక హే అక్షరం దగ్గర, దాని మలుపు దగ్గర, చాలాసేపు ఉండిపోయారు.

"ఇది ఆయన రాసింది కాదు కదా" అన్నారు చివరికి. "సొంత రాయి ఎవరు రాసుకుంటారు. తర్వాత వచ్చినవాడు ఎవడో రాశాడు."

"అవును కాతిబ్ సాబ్."

"బాగా రాశాడు" అన్నారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, ఆ కంప్యూటర్ కాసేపు ఆపి ఇటు వచ్చి చూడమన్నారు.